నీలిరంగులో భాస్వరం లెక్క తేల్చిన డాక్టర్ సుబ్బారావు

మోపిదేవి: బోదకాలు రాకుండా మన ఊళ్లలో మింగించిన డి.ఇ.సి. మాత్ర వెనుక ఒక తెలుగువాడున్నాడు. ఆయనే డాక్టర్ ఎల్లాప్రగడ సుబ్బారావు. 1895లో భీమవరంలో పుట్టారు. మెట్రిక్ రెండుసార్లు తప్పి మూడోసారి గట్టెక్కారు. ఇద్దరు సోదరులను గ్రహణి పొట్టన పెట్టుకుంది. మద్రాసులో వైద్యం చదువుతూ ఖద్దరు తొడిగిన పాపానికి చిన్న పట్టాతో సరిపెట్టుకోవలసి వచ్చింది.

1923లో అమెరికా చేరారు. హార్వర్డులో ఫిస్కే దొరగారితో కలిసి, రక్తంలో భాస్వరం కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. నమూనాలో ఆమ్లం, మాలిబ్డేట్ కలిపి మరో రసాయనం చేరిస్తే నీలిరంగు తేలుతుంది. నీలం ఎంత చిక్కనైతే భాస్వరం అంత ఎక్కువ. కండరాలకు శక్తినిచ్చే ఎ.టి.పి.ని పట్టుకున్నదీ ఈ దారినే. అంత చేసినా అక్కడ స్థిరమైన కొలువు దక్కలేదు.

1940లో లెడర్లీ మందుల కంపెనీకి మారారు. గ్రహణికి పనికొచ్చే ఫోలిక్ ఆమ్లాన్ని 1945లో, బోదకాలు మందును 1947లో ఆయన బృందం వెలికి తెచ్చింది. 1948 ఆగస్టులో న్యూయార్కులో కన్నుమూశారు. స్వదేశం మళ్లీ చూడనే లేదు.