చరిత్రను జనుల కందించిన కొమర్రాజు లక్ష్మణరావు పంతులు

చరిత్ర యనగా రాజుల వంశావళులును, యుద్ధముల తేదీలును మాత్రమే యని తలచువారు పెక్కుమంది గలరు. గుడిముందు నిలిచియున్న రాతిమీద నేమి చెక్కబడియున్నదో యెరుగక దానిపై బట్టలారవేయుట, అటుకమీది తాటియాకు గ్రంథములను చెదలకు విడిచిపెట్టుట గ్రామములందు నిత్యము చూచునదే. ఆ రాయియు నా యాకును పలుకగలవనియు, వాని పలుకులు పండితులకే గాక సామాన్యులకును వినిపింపవలెననియు గ్రహించి, ఆ కార్యమునకే తన జీవితమును ధారవోసిన మహనీయుడు కొమర్రాజు వేంకట లక్ష్మణరావు పంతులుగారు. గ్రంథాలయమున కూర్చుండి తెలుగులో నొక చరిత్ర గ్రంథమునో, శాస్త్ర గ్రంథమునో చదువు ప్రతివారును ఆయనకు ఋణపడినవారే.

పంతులుగారు 1877వ సంవత్సరము మే నెలలో నాటి కృష్ణాజిల్లా నందిగామ తాలూకా పెనుగంచిప్రోలు గ్రామమున జన్మించిరి. బాల్యముననే తండ్రిగారు గతించిరి. ఆయన అక్కగారగు భండారు అచ్చమాంబగారు భర్త యుద్యోగరీత్యా మధ్యపరగణాలలో నివసించుచుండగా, పంతులుగారు వారి యొద్ద నుండి నాగపూరున విద్యాభ్యాసము గావించిరి. అచ్చటి ప్రజల భాష మరాఠీ. పరదేశమున పెరిగిన బాలురు సాధారణముగా సొంతభాషను మరచుటయో, లేక అచ్చటి భాషను దూరముంచుటయో జరుగును. పంతులుగారు రెంటిలో నేదియు చేయలేదు. మరాఠీని తన మాతృభాషవలె వశపరచుకొని, మోరోపంతు కవి రచనలను శ్రద్ధతో పరిశీలించి, ఆ భాషలోనే వ్యాసములు వ్రాసిరి. సంస్కృతము, హిందీ, వంగభాష, ఆంగ్లము మున్నగు భాషలను నేర్చిరి. 1900 ప్రాంతమున బి.ఏ. పట్టమును, పిదప కళాశాలకు పోకయే స్వయముగా చదివి కలకత్తా విశ్వవిద్యాలయమునుండి ఎం.ఏ. పట్టమును పొందిరి.

ఆయన తొలి శిష్యురాలు ఆయన యక్కగారే. బాల్యవివాహమై, పాఠశాల ముఖము చూడని అచ్చమాంబగారు తమ్ముడు చదువుకొనుచుండగా తానును ప్రక్కన కూర్చుండి తెలుగు, హిందీ భాషలను నేర్చుకొనిరి. ఆ నేర్చిన విద్య వంటయింటిలో ముగిసిపోలేదు. భారతదేశమందలి స్త్రీల చరిత్రములను వెదకి కూర్చి ఆమె అబలా సచ్చరిత్ర రత్నమాల యను గ్రంథమును రచించిరి. చదువుకొన్నవాడొకడు ప్రక్కవారికి కొంత పంచిపెట్టినచో దాని ఫలము ఎంత దూరము పోవునో పంతులుగారు పుస్తకములలో గాక తన యింటనే చూచిరి. 1905లో అచ్చమాంబగారు చిన్నవయసుననే కాలధర్మము నొందిరి. పంతులుగారు తరువాత తనకు గలిగిన కుమార్తెకు అచ్చమాంబ యనియే పేరిడుకొనిరి.

విద్య ముగించిన పిమ్మట ఆయన మునగాల జమీందారులగు నాయని వేంకట రంగారావు బహదూరుగారి కొలువున చేరి, దివానుగా సంస్థాన వ్యవహారములను చూచుచుండిరి. పాత దస్తావేజులను చదువుట, ఒక కాగితమునందున్న దానిని మరియొక దానితో సరిచూచుట, సరిహద్దులను విచారించుట, నోటిమాటకును వ్రాతకును గల భేదమును కనిపెట్టుట యీ యుద్యోగమున తప్పనివి. చరిత్ర పరిశోధకునకు కావలసిన గుణములును ఇవియే. పెద్దలు చెప్పిరని నమ్ముటగాని, పెద్దలు చెప్పినదెల్ల కల్ల యని త్రోసివేయుటగాని ఆయన మార్గము కాదు. ఆధారమేది, అది యేనాటిది, దానికి తోడుగా మరియొక యాధారము గలదా యని విచారించుటయే ఆయన పద్ధతి.

ఈ విద్య యెట్టిదో ఒక యుదాహరణముచే తెలియగలదు. హనుమకొండ వేయిస్తంభముల గుడియందు కాకతీయ రుద్రదేవుని శాసనము గలదు. అందు శకవర్షము 1084, చిత్రభాను సంవత్సరము, మాఘ శుద్ధ త్రయోదశి, వడ్డవారము అని కాలము చెప్పబడియున్నది. శకవర్షమునకు 78 కలిపిన క్రీస్తుశకము వచ్చునని సామాన్యముగా చెప్పుదురు. అట్లు కూడిన 1162 వచ్చును. కాని శకవర్షము చైత్రమున మొదలగును. మాఘమాసము వచ్చునప్పటికి క్రీస్తుశకమున క్రొత్త సంవత్సరము ప్రవేశించును. కావున ఇచ్చట 79 కలుపవలెను. గణితము చేసి చూడగా ఆ దినము 1163వ సంవత్సరము జనవరి 19వ తేది యగును. ఆనాడు శనివారము. దీనివలన తేది నిర్ణయమగుటయే గాక, నేడు వాడుకలో లేని వడ్డవారమను మాటకు శనివారమని యర్థము కూడ స్థిరపడుచున్నది. పంచాంగము చూడనేర్చిన గ్రామస్థుడు కూడ ఈ గణితములో కొంత భాగము చేయగలడు. చరిత్ర పరిశోధన మాయ కాదు. ఓపికతో కూడిన లెక్క.

అయితే ఇట్టి జ్ఞానమంతయు ఆకాలమున ఆంగ్ల గ్రంథములందే నిలిచియుండెను. ఆంగ్లము రాని రైతునకు తన యూరి గుడిని కట్టించినవాడెవడో చెప్పు పుస్తకము తెలుగున లేదు. నిజాము రాజ్యములోని తెలుగువారి స్థితి మరింత దీనము. అచ్చట రాజభాష ఉర్దూ. తెలుగు చదువులకు ఆదరణ మిక్కిలి తక్కువ. ఇది చూచి పంతులుగారు ఊరకుండలేదు. 1901వ సంవత్సరము సెప్టెంబరు 1వ తేదీన హైదరాబాదులో రావిచెట్టు రంగారావుగారి గృహమున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము స్థాపింపబడినది. దానికి ప్రోత్సాహకులు మునగాల రాజావారు. దానిని నడిపించిన యాలోచన పంతులుగారిది. అప్పటి కాయనకు ఇరువదినాలుగేండ్లు. ఆ నిలయము శతవార్షికమును దాటి నిలిచినది. 1904లో హనుమకొండయందు రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము వెలసినది. విజయవాడలో 1914న ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘ మేర్పడి ఊరూర గ్రంథాలయోద్యమము వ్యాపించుటకు పూర్వమే ఈ విత్తులు నాటబడినవి.

గ్రంథాలయము స్థాపించిన పిదప మరియొక చిక్కు తోచినది. అలమారలు సిద్ధమైనవి, వానిలో నుంచదగిన తెలుగు పుస్తకము లేవి? కావ్యములు, పురాణములు గలవు గాని చరిత్రమును, ప్రకృతి శాస్త్రములును, లోకములోని మహాపురుషుల జీవితములును తెలుగున మిక్కిలి అరుదు. ఈ కొరత తీర్చుటకై 1906లో రావిచెట్టు రంగారావు, గాడిచర్ల హరిసర్వోత్తమరావు మున్నగు మిత్రులతో గూడి విజ్ఞానచంద్రికా మండలిని నెలకొల్పిరి. మండలి తొలి గ్రంథము హరిసర్వోత్తమరావుగారు వ్రాసిన అబ్రహాము లింకను చరిత్రము. కట్టెలు కొట్టి బ్రదికిన పేదవాని బిడ్డ దేశాధిపతి యగుట తెలుగు పల్లెలలోని పిల్లలు ఆ పుస్తకమున చదివిరి. చిలుకూరి వీరభద్రరావుగారి ఆంధ్రుల చరిత్రము ప్రథమభాగమును 1910లో ప్రకటించినదియు ఈ మండలియే. పంతులుగారు స్వయముగా శివాజీ చరిత్రమును, హిందూ మహాయుగము, మహమ్మదీయ మహాయుగము అను హిందూదేశ చరిత్ర గ్రంథములను రచించిరి. చందాదారులు ముందుగా చేరి నిలిచినందున మండలి వరుసగా పుస్తకములు వెలువరింప గలిగినది. చందా యన్నది చిన్నమొత్తమే. కాని పలువురి చిన్నమొత్తములే యొక భాషకు విజ్ఞానభిక్ష పెట్టినవి.

1908లో మండలి చెన్నపట్టణమునకు తరలినది. అచ్చట పంతులుగారు తన జీవితములోకెల్ల గొప్పకార్యమును తలపెట్టిరి. అది ఆంధ్ర విజ్ఞాన సర్వస్వము. లోకమునందు తెలిసికొనదగిన విషయములన్నియు అకారాదిక్రమమున తెలుగులో నుండవలెనని ఆయన సంకల్పము. ఇంగ్లీషువారి కట్టి గ్రంథములు గలవు; వాని వెనుక ధనమును, వందలకొలది పండితులును గలరు. పంతులుగారి వెనుక నున్నవారు కొలదిమంది మిత్రులు, చందాదారులు మాత్రమే. ఐనను పని మొదలిడి, పండితులచేత వ్యాసములు వ్రాయించి, తానును వ్రాసి, దిద్ది, అచ్చొత్తించి 1917 నాటికి మూడు సంపుటములను వెలువరించిరి. ఆ మూడు సంపుటములును అకారముతోనే నిండిపోయినవి. ముందు నిలిచియున్న యక్షరములు చూచినచో ఎట్టివానికైనను గుండె జారును. పంతులుగారు వెనుదీయలేదు.

ఆ పని జరిగిన యిల్లు ఒక పాఠశాల వంటిది. మల్లంపల్లి సోమశేఖరశర్మగారు, ఆదిరాజు వీరభద్రరావుగారు పంతులుగారికి తోడ్పడినవారే. శాసనము నెట్లు చదువవలెనో, ఆధారమును ఎట్లు తూచవలెనో అచ్చట పనిచేయుచునే నేర్చిరి. శర్మగారు విశ్వవిద్యాలయ పట్టములు లేకయే తరువాతి కాలమున రెడ్డిరాజ్యముల చరిత్రను వ్రాసి చరిత్రకారులలో అగ్రగణ్యులైరి. పరిశోధన నేర్పుటకు భవనముకంటె ముందు కావలసినది నేర్పు మనసుగల గురువని దీనివలన తెలియుచున్నది. కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1919లో తుదిశ్వాస విడిచినదియు చెన్నపట్టణమున లక్ష్మణరావు పంతులుగారి యింటనే.

ఎడతెగని శ్రమ ఆయన దేహమును క్రుంగదీసినది. ఉబ్బసరోగము పీడించుచుండినను కలమును విడువలేదు. తుదకు 1923వ సంవత్సరము జూలై నెలలో, నలువదియారేండ్ల ప్రాయమున, పంతులుగారు పరమపదించిరి. విజ్ఞాన సర్వస్వము అకారమును దాటకయే కర్త వెడలిపోయెను. తెలుగునాట ఇంతకంటె విచారకరమగు అసమాప్తి అరుదు.

కాని ఆయన పని ఆయనతో ముగియలేదు. హైదరాబాదులోని పరిశోధక మండలి ఆయన పేరు దాల్చి లక్ష్మణరాయ పరిశోధక మండలి యైనది. ఆదిరాజు వీరభద్రరావుగారు మున్నగువారు ఊరూర తిరిగి శాసనముల ప్రతులను సేకరింపగా, ఆ మండలి తెలంగాణా శాసనములను గ్రంథరూపమున ప్రకటించినది. విజ్ఞాన సర్వస్వమును కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు చేపట్టి 1930 దశకమున మరల సంపుటములను వెలువరించిరి. ఒకరు తవ్విన బావికి మరియొకరు మెట్లు కట్టించినట్లు ఈ కార్యము సాగినది.

పంతులుగారి చరిత్రమునుండి గ్రహింపదగిన దొక్కటి గలదు. తెలిసికొనుటయు, తెలియజేయుటయు ఆయనకు రెండు పనులు కావు. శాసనమును చదివినవాడు గ్రంథమును వ్రాయవలెను. గ్రంథమును వ్రాసినవాడు దానిని చదువువారికి గ్రంథాలయమును చూపవలెను. చదివినవాడు తన యూరిలోని రాతిని కాపాడవలెను. ఈ గొలుసులో నొక్క కడియము తెగినను తక్కినవి వ్యర్థములే. చరిత్ర చదువుకొను యువకులు సెలవులలో గ్రామమునకు వచ్చినప్పుడు గుడిరాతిమీది సున్నమును మెల్లగా తుడిచి, అక్షరములను చూచినవి చూచినట్లుగా నొక కాగితముమీద వ్రాసికొని, తెలియనిచోట ఊహించి పూరింపక ఖాళీ విడిచి, ఆ ప్రతిని గ్రంథాలయమున నుంచినచో అదియే పరిశోధనకు మొదటిమెట్టు. వృద్ధులు చెప్పు చెరువుల కథలను, పొలముల పేరులను వ్రాసియుంచుట రెండవమెట్టు. ఆ వ్రాసినదానిని సాయంకాలము పదిమంది చేరినచోట చదివి వినిపించుట మూడవది. అకారముతో నిలిచిపోయిన పని తక్కిన యక్షరములకు సాగవలసినది ఇట్టి గ్రంథాలయములనుండియే.