నరస్తుతి ఎరుగని నాలుక

శ్రీవేంకటేశ్వరునికి అంకితమైన నాలుకతో మానవమాత్రుని కీర్తించవచ్చునా? ఐదు శతాబ్దాలకు పూర్వం ఈ ప్రశ్న తాళ్ళపాక అన్నమాచార్యులకు ప్రాణసంకటమై ఎదురైంది.

కడప సీమలోని తాళ్ళపాకలో 1408లో నారాయణసూరి, లక్కమాంబ దంపతులకు అన్నమయ్య జన్మించారు. బాల్యంలోనే ఇల్లు విడిచి తిరుమల చేరారు. పదహారవ ఏట, 1424లో, స్వామి సాక్షాత్కారం పొందింది మొదలు సంకీర్తనా రచనే ఆయనకు నిత్యార్చన అయింది.

చంద్రగిరి దుర్గాన్ని ఏలిన సాళువ నరసింహరాయలు అన్నమయ్యను గురుభావంతో ఆదరించి తన కొలువుకు రప్పించుకున్నాడు. తదుపరి కథను అన్నమయ్య మనుమడు చినతిరువెంగళనాథుడు తన ద్విపద కావ్యంలో వివరించాడు. పెనుగొండ సభలో ఒకనాడు అన్నమయ్య అలమేలుమంగమ్మపై శృంగార సంకీర్తన ఆలపించారు. రాయలు పరవశించి, తనపైనా అటువంటి పదం చెప్పమని కోరాడు. అన్నమయ్య హరిహరీ అంటూ చెవులు మూసుకున్నారు. అడిగినవాడు మిత్రుడే, పోషకుడే. అయినా హరిని పొగడిన నోటితో నరుని పొగడలేనని నిరాకరించారు. ఆగ్రహించిన రాయలు ఆయనను సంకెలలతో బంధించి చెరలో వేయించాడు.

చెరసాలలో అన్నమయ్యకు దిక్కు సంకీర్తనమే అయింది. ఆర్తితో స్వామిని వేడుకోగానే సంకెలలు ఊడిపడ్డాయి. రాయలు నమ్మక, స్వయంగా వచ్చి మరల బంధింపజేశాడు. మరల పాడగా మరల ఊడిపడ్డాయి. రాజు గర్వం అణగింది. పాదాలపై వ్రాలి, ఆయనను పల్లకిలో ఊరేగించి, తానే ఒక కొమ్ము పట్టాడు. 1485లో విజయనగర సింహాసనం అధిష్ఠించిన ఈ రాయలే తిరుమల ఆలయానికి ఎన్నో కైంకర్యాలు చేసినట్లు శాసనాలు చాటుతున్నాయి.

రాజును దైవంగా కొలవమన్న ఆజ్ఞకు లొంగక బాధలు పడిన భక్తులు అన్ని దేశాలలోనూ ఉన్నారు. ప్రాచీన రోము సామ్రాజ్యంలో చక్రవర్తి ప్రతిమకు ధూపం వేయక ప్రాణాలర్పించిన తొలి క్రైస్తవులు అట్టివారే. వారికి మరణం ప్రాప్తించింది. అన్నమయ్యకు విముక్తి లభించింది. ఫలితం ఏదైనా నిష్ఠ ఒక్కటే.

1503 ఫాల్గుణ బహుళ ద్వాదశినాడు అన్నమయ్య స్వామిలో ఐక్యమయ్యారు. ఆయన రచించిన ముప్పది రెండు వేల సంకీర్తనలలో పన్నెండు వేలకు పైగా రాగిరేకులపై నిలిచి మనకు దక్కాయి. సంకెలలు వేయించిన అధికారం కాలగర్భంలో కలిసిపోయింది. ఆ సంకెలలకు లొంగని గానం మాత్రం నేటికీ ఏడుకొండలపై మారుమ్రోగుతూనే ఉంది. పదవికో, ధనానికో ఆశపడి మన మాటను తాకట్టు పెట్టవలసిన క్షణం వచ్చినప్పుడు ఆ చెరసాలను ఒక్కసారి స్మరించుకుందాం.