వాల్తేరు గణితాచార్యుడు మీనాక్షిసుందరం

మృదంగమును చూడకయే, దాని నాదము విని, అది మృదంగమని చెప్పగలవారు మనలో అనేకులు కలరు. నాదము మాత్రమే విని, ఆ చర్మపు వైశాల్యమెంతయో చెప్పగలవారున్నారా? వినుటకు వింతగా తోచు ఈ ప్రశ్న ఇరువదవ శతాబ్దపు గణితశాస్త్రమున ఒక గొప్ప శాఖను పెంచినది. ఆ శాఖకు పునాదిరాళ్లు వేసినవారిలో ఒకరు విశాఖపట్టణమున ఆంధ్ర విశ్వకళాపరిషత్తునందు గణితము బోధించిన సుబ్బరామయ్య మీనాక్షిసుందరం. ఆయన పేరు దేశదేశముల గణితపత్రికలలో నేటికిని కనవచ్చుచున్నది. మన పాఠశాలలలో మాత్రము దానిని వినినవారు అరుదు.

ఆయన 1913 అక్టోబరు 12వ తేదీన తిరుచ్చూరులో, తమిళ కుటుంబమున జన్మించిరి. విద్యాభ్యాసము మదరాసున జరిగెను. 1934లో లయోలా కళాశాలనుండి ఆనర్సు పట్టము పొంది, మదరాసు విశ్వవిద్యాలయమున పరిశోధనకు పూనుకొనిరి. అచ్చట మార్గదర్శి కె. ఆనందరావుగారు. కేంబ్రిడ్జిలో హార్డీ శిష్యులై, రామానుజనుతోపాటు అచ్చట నున్నవారాయన. గురువునకు ప్రీతిపాత్రమైన విషయము అనంతశ్రేణుల సంకలనము. ఒకటి కలిపి, ఒకటి తీసివేసి, మరల ఒకటి కలిపి, ఇట్లే పోవు శ్రేణికి మొత్తమెంత? పాక్షిక మొత్తములు 1, 0, 1, 0 అని ఊగులాడుచుండును గాని నిలువవు. వాని సరాసరులను తీసికొన్నచో అవి సగమునకు చేరును. మొండిశ్రేణులనుండి ఇట్లు సరాసరులద్వారా అర్థమును రాబట్టు విద్యలో శిష్యుడు త్వరలోనే ఆరితేరెను.

ఆయన దృష్టిని విశాలపరచినవారు ఫాదర్ రాసీన్. ఈ ఫ్రెంచి జెసూట్ గురువు 1937లో మన దేశమునకు వచ్చి, పిదప లయోలాలో గణితము బోధించుచు, పారిస్‌లో పెరుగుచున్న నూతన గణితమును మదరాసు యువకులకు పరిచయము చేసెను. మీనాక్షిసుందరం శ్రేణులనుండి అవకల సమీకరణములవైపునకు మరలి, ఉష్ణవ్యాప్తిని వర్ణించు సమీకరణములవంటి వానిపై సిద్ధాంతవ్యాసము వ్రాసి, 1940లో డి.ఎస్‌సి. పట్టము నందిరి.

పట్టము వచ్చినది గాని పదవి రాలేదు. యుద్ధము నడుచుచున్న రోజులవి. అంతటి పండితుడును కొంతకాలము పరీక్షలకు కూర్చుండువారికి పాఠములు చెప్పి పొట్టపోసికొనవలసివచ్చెను. ఆంధ్ర విశ్వకళాపరిషత్తున ఉపన్యాసక పదవి లభించిన పిదపగాని ఆయనకు స్థిరత్వము కలుగలేదు. ఆ పరిషత్తునకే నాడు స్థిరత్వము కరవు. 1942 ఏప్రిలులో విశాఖపట్టణముపై జపానువారి బాంబులు పడగా, విద్యాలయము వాల్తేరు విడిచి గుంటూరు చేరెను. 1946 వరకు తిరిగి రాలేదు.

1946లో అమెరికానుండి అవకాశము వచ్చెను. ప్రిన్‌స్టన్‌లోని ఉన్నత విద్యాసంస్థయందు గడపిన రెండేండ్లు ఆయన జీవితమున కెల్ల పంటకాలమని చెప్పవచ్చును. హెర్మన్ వైల్ అచ్చటి ఆచార్యులలో నొకడు. చర్మవాద్యము పలుకు స్వరముల సంఖ్య ఎట్లు పెరుగునో, ఆ పెరుగుదలలో దాని వైశాల్యమెట్లు వెల్లడియగునో 1911లోనే నిరూపించిన మహానుభావుడు. స్వీడను దేశీయుడైన ఓకే ప్లైయెల్‌తో కలిసి మీనాక్షిసుందరం ఆ సిద్ధాంతమును మరింత లోతునకు గొనిపోయిరి. వారిరువురి వ్యాసము 1949లో కెనడా గణితపత్రిక తొలి సంపుటమున వెలువడెను. ఎప్స్టీన్ జీటా ప్రమేయములపై ఆయన ఒక్కరే వ్రాసిన మరియొక వ్యాసమును అదే సంపుటమున నున్నది. దానికి వైల్ స్వయముగా ఒక అనుబంధము వ్రాసెను.

ఆ ఉమ్మడి వ్యాసమున నేమున్నది? రెండు కొనలును బిగించిన తీగను మీటినచో మూలస్వరము, దానికి రెట్టింపు, మూడురెట్లు, ఇట్లు స్వరములు పుట్టును. ఆ సంఖ్యల వర్గములు 1, 4, 9, 16. వీనినే ఆ తీగయొక్క లాక్షణిక విలువలందురు. వీని వ్యుత్క్రమములను కూడగా వచ్చు మొత్తము పై వర్గములో ఆరవవంతని ఆయిలరు కనుగొనెను. వ్యుత్క్రమములను వేర్వేరు ఘాతములకు హెచ్చించి కూడినచో రీమాను జీటా ప్రమేయము వచ్చును. తీగకు బదులు గోళమో, గారెవంటి వలయతలమో, ఇంకను ఎక్కువ పరిమాణములుగల వక్రాకాశమో ఉన్నచో? దానికిని లాక్షణిక విలువలుండును. వానినుండియు ఒక జీటా ప్రమేయమును నిర్మింపవచ్చును. ఆ శ్రేణికి మొత్తములేని చోట్లకు సైతము ఆ ప్రమేయమును విస్తరింపవచ్చుననియు, అది ఏయే బిందువులయందు అనంతమగునో ముందుగనే చెప్పవచ్చుననియు వారు నిరూపించిరి. అచ్చటి విలువలలో ఆకాశపు ఘనపరిమాణము, వక్రత దాగియున్నవి.

ఉష్ణము ఉపమానముగా దీనిని సులభముగా గ్రహింపవచ్చును. వక్రతలమున ఒకచోట నిప్పుకణము పెట్టినచో వేడిమి నలుదెసలకు ప్రాకును. మొదటి క్షణమున ఆ వేడిమికి దూరపు అంచుల సంగతి తెలియదు. తన చుట్టునున్న వంపుమాత్రమే తెలియును. కావున తొలి క్షణముల ఉష్ణోగ్రతను సూక్ష్మముగా లెక్కించినచో, ఆ చోటి వక్రత బయటపడును. ఈ ఉష్ణమార్గమున ఆయన వ్రాసిన వ్యాసము 1953లో భారత గణితసంఘ పత్రికలో అచ్చయ్యెను.

1948లో ఆయన స్వదేశమునకు తిరిగివచ్చిరి. స్వతంత్ర భారతమున నిర్మితమైన తొలి ఓడ ‘జలఉష’ విశాఖ రేవున జలప్రవేశము చేసిన సంవత్సరమది. ఉక్కు కర్మాగారమునకు శంకుస్థాపన 1971లోగాని జరుగలేదు. పిదప ఆయన వాల్తేరులో ఆచార్యులైరి. వైల్‌వంటివాడు పొరుగున నుండుట యొకటి, ఉత్తరములద్వారా మాత్రమే సహపరిశోధకులతో మాటలాడుకొనుట వేరొకటి. నాటి మన విశ్వవిద్యాలయములలో ఎచ్చటను ప్రిన్‌స్టన్‌నాటి సహవాసము దొరకునది కాదు. ఆ లోటులేకున్నచో ఆయనచేతినుండి ఇంకెన్ని ఫలితములు వచ్చియుండెడివో! అయినను పని ఆగలేదు. కె. చంద్రశేఖరన్‌తో కలిసి శ్రేణుల సంకలనముపై వ్రాసిన ‘టిపికల్ మీన్స్’ అను గ్రంథము 1952లో ఆక్స్‌ఫర్డునుండి వెలువడెను.

1958లో ఎడిన్‌బరో నగరమున జరిగిన అంతర్జాతీయ గణితమహాసభకు ఆయన ఆహ్వానిత వక్తగా వెళ్లిరి. ఎన్నుకొన్న విషయము హిల్బర్టు బీజగణితములు. సంఖ్యలకు బదులు మాత్రికలను తీసికొన్నచో వానిని కూడవచ్చును, గుణింపవచ్చును. మూలకముల వర్గములను కూడి వర్గమూలము తీసి ‘పొడవు’ను కొలవవచ్చును. గుణకారమునకును కొలతకును ఇట్టి పొందిక గల వ్యవస్థలను అనంత పరిమాణములకు విస్తరించుటయే ఆ శాస్త్రము. లబ్ధపు పొడవు పొడవుల లబ్ధమును మించరాదను నియమముగల బానాక్ బీజగణితములు దానికి దగ్గరి బంధువులు.

1966లో మార్క్ కాట్జ్ అను అమెరికా పండితుడు మృదంగప్రశ్నను అందరికిని తెలియునట్లు ప్రచారము చేసెను. మరుసటి ఏట మెకీన్, సింగర్ అను వారు ఉష్ణశ్రేణిని ముందునకు నడిపిరి. ప్రపంచము మీనాక్షిసుందరం వ్యాసములను మరల తెరచి చదువనారంభించిన వేళ, 1968 ఆగస్టు 13న, ఆయన కన్నుమూసిరి. అప్పటికి ఏబదియైదేండ్లును నిండలేదు.

మూడేండ్లకు బొంబాయి టాటా సంస్థలోని పటోడీ అను యువకుడు ఆ ఉష్ణశ్రేణినే సాధనముగా గొని, వక్రతకును ఆకృతికిని గల సంబంధమును క్రొత్తత్రోవన నిరూపించెను. 1977లో స్టీఫెన్ హాకింగ్ గురుత్వాకర్షణ క్షేత్రములందలి క్వాంటం గణనలలో వచ్చు అనంతరాశులను అదుపుచేయుటకు జీటా ప్రమేయమునే ఉపయోగించెను.