బమ్మెర పోతనామాత్యుడు

తెలంగాణములోని జనగామ జిల్లా విస్తీర్ణమున చిన్నదైనను సాహిత్యచరిత్రలో పెద్దపేరు గన్నది. 2016వ సంవత్సరమున ఏర్పడిన ఈ జిల్లాలో బచ్చన్నపేట, దేవరుప్పుల, పాలకుర్తి మొదలగు మండలములు కలవు. బసవపురాణకర్తయగు సోమనాథునివలన పాలకుర్తికి పేరు వచ్చెను. దానికి సమీపముననున్న బమ్మెర గ్రామమునకు పోతనవలన కీర్తి కలిగెను. చదువురాని పల్లెవాసుల నోటగూడ గజేంద్రమోక్షములోని పద్యములు వినబడుచుండును. ఇంతగా ప్రజల నాలుకలపై నిలిచిన ఆ భాగవతము ఒకప్పుడు మరుగునబడి, కొంతభాగము శిథిలమై, పిదప వెలుగులోనికి వచ్చినది. దానిని ఒక రాజు తన సొమ్ము చేసికొనగోరెనని కథ పుట్టినది. కవి మావాడనగా మావాడని రెండు ప్రాంతములవారు వాదించుకొనిరి. ఇన్ని వివాదములకు నడుమ నిలిచిన ఆ మహాకవి జీవితమును తెలిసికొందము.

పోతన 15వ శతాబ్దికి చెందినవాడు. ఆయన తండ్రి కేసన, తల్లి లక్కమ్మ, అన్న తిప్పన. ఈ వివరములను ఆయనయే తన గ్రంథమున చెప్పుకొనెను. ఇవటూరి సోమనారాధ్యుడు ఆయనకు గురువు. పెద్ద విద్యాపీఠములలో చదువకయే పాండిత్యము గడించుటచే సహజపండితుడను పేరు ఆయనకు దక్కెను. ఆ ఇంటివారు శివభక్తులు. అందుచేతనే ఆయన తొలుత వీరభద్రవిజయమను శైవకావ్యమును రచించెను. వ్యవసాయముచే జీవించెననియు, రాజాస్థానముల నాశ్రయింపలేదనియు పరంపరగా చెప్పుదురు. బమ్మెరలో ఆయన దున్నిన పొలమనియు, ఆయన సమాధియనియు కొన్ని చోట్లను ప్రజలు నేటికిని భక్తితో చూపుచున్నారు.

ఒక చంద్రగ్రహణపు రాత్రి పోతన గంగాస్నానము చేసి, ఇసుకతిన్నెపై శివధ్యానమున కూర్చుండెను. తెలంగాణమున గోదావరిని కూడ గంగయని పిలుచుట వాడుక. అట్లు ధ్యానించుచున్న ఆయనకు శివునికి బదులు శ్రీరాముడు సాక్షాత్కరించి, భాగవతమును తెలుగున రచింపుమని ఆజ్ఞాపించెనట. పిదప ఆయన ఏకశిలానగరమునకు వచ్చి, గురువుల యొక్కయు పెద్దల యొక్కయు అనుమతి గైకొని, గ్రంథమును ప్రారంభించెను. ఈ సంగతియు ఆయన చెప్పుకొన్నదే. వ్యాసుని భాగవతము 12 స్కంధములు గల గ్రంథము. దానిలో 18,000 శ్లోకములు కలవని ప్రసిద్ధి. తెలుగు భాగవతమున సుమారు 9,000 గద్యపద్యములు కలవు. మూలమును మక్కికి మక్కిగా తెనిగింపక, భక్తి పొంగినచోట పోతన విస్తరించి వ్రాసెను. ప్రహ్లాదుని కథ, వామనుని కథ, రుక్మిణీకల్యాణము ఆ విధముగా తెలుగువారి సొంతకథలైనవి.

ఆ కాలమున కవులు తమ కావ్యములను రాజులకో, ధనవంతులకో అంకితమిచ్చుచుండిరి. అంకితము పుచ్చుకొన్నవాడు కృతిభర్త యనిపించుకొనును. కావ్యమున్నంత కాలము అతని పేరు నిలుచును. అందుకు ప్రతిఫలముగా కవికి ఊళ్లు, వాహనములు, ధనము లభించును. పోతన ఈ మార్గమును త్రోసిపుచ్చెను. రాజులకు కృతినిచ్చి సంపదలు పొందుటకంటె, లోకహితము కొరకు దానిని శ్రీహరికి సమర్పించుటయే మేలని గ్రంథారంభముననే ప్రకటించెను. పేదరికమున నుండియు ఇట్టి నిశ్చయము చేసికొనుట సామాన్యము కాదు.

ఈ నిశ్చయము చుట్టును అనేక కథలు అల్లుకొన్నవి. పోతన తనను రాజులకు అమ్మివేయునేమోయని సరస్వతీదేవి కన్నీరు పెట్టుకొనగా, ఆయన ఆమెను ఓదార్చెనని ఒక కథ. రాచకొండ నేలిన సర్వజ్ఞ సింగభూపాలుడు భాగవతమును తనకు అంకితమిమ్మని కోరెననియు, కవి నిరాకరింపగా కోపించి ఆ గ్రంథమును భూమిలో పాతిపెట్టించెననియు మరియొక కథ. పిదప దానిని వెలికి తీయించునప్పటికి కొన్ని భాగములు చివికిపోయినవట.

ఈ కథ వినుటకు రసవంతముగా నున్నది. కాని దీనిని చరిత్రగా గ్రహించుటకు తగిన ఆధారములు లేవు. పోతన రచనలో ఈ ప్రసక్తి లేదు. రాచకొండ పద్మనాయక వంశమున సింగభూపాలుడను పేరుగల రాజులు ఒకరికంటె ఎక్కువమంది ఉండిరి. వారిలో ఎవరి కాలము పోతన కాలముతో సరిపోవునో పండితులు ఏకాభిప్రాయమునకు రాలేదు. సంస్కృతమున రసార్ణవసుధాకరమను శాస్త్రగ్రంథమును రచించిన విద్వాంసునిగా సర్వజ్ఞ సింగభూపాలుడు ప్రసిద్ధుడు. సాక్ష్యము లేక అట్టివానిపై గ్రంథద్రోహమను నింద మోపుట న్యాయము కాదు. అప్పటి గ్రంథములన్నియు తాటియాకులపై ఘంటముతో వ్రాసినవే. మన్నులో పాతిపెట్టకున్నను, చెమ్మ తగిలినను పురుగు పట్టినను అవి నశించును. ఎప్పటికప్పుడు క్రొత్త ఆకులపై ఎత్తి వ్రాయనిచో ఎంతటి కావ్యమునకైనను అదే గతి.

కారణమేదైనను భాగవతమున కొంతభాగము లోపించినమాట నిజము. ఆ లోపమును పూరించినవారు ముగ్గురు. పంచమస్కంధమును గంగనయు, షష్ఠస్కంధమును ఏర్చూరి సింగనయు, ఏకాదశ ద్వాదశ స్కంధములను వెలిగందల నారయయు రచించిరి. మధ్యమధ్య మరికొన్ని భాగములను కూడ నారయ పూరించెనని పండితులు తలచుచున్నారు. ఇచ్చట మనము గమనింపదగిన విషయమొకటి కలదు. ప్రతి స్కంధము చివరను కర్తపేరు తెలుపు గద్యము ఉండును. ఈ మువ్వురును తాము రచించిన స్కంధములను పోతన పేరిట చలామణి చేయలేదు. పోతన రచించిన దానిని తమదని చెప్పుకొనను లేదు. ఎవరి భాగమున వారి పేరే కలదు. నారయ తాను పోతనకు ప్రియశిష్యుడనని వినయముతో చెప్పుకొనెను. కావ్యము ఎవరిదను ప్రశ్నకు ఇంతకంటె నిజాయితీ గల సమాధానము వేరొకటి లేదు.

కర్తృత్వమును గూర్చిన వాదము మరియొక గ్రంథము విషయమున మిగిలినది. భోగినీదండకమను చిన్న కావ్యము సింగభూపాలుని ప్రేమించిన ఒక వనితను వర్ణించును. దానిలో పోతన పేరు కనబడుచున్నది. రాజులకు కృతినీయనన్న కవి రాజును పొగడి యుండునా యని కొందరు శంకించిరి. అది యౌవనమునాటి రచన యనియు, మనస్సు మారిన పిదపనే భాగవతము వ్రాసెననియు కొందరు సమాధానము చెప్పిరి. ఈ వాదము నేటికిని తెగలేదు.

ఇక కవి జన్మస్థలమును గూర్చిన వివాదము. ఓరుగల్లునకు ఏకశిలానగరమను పేరు కలదు. ఓరుగల్లు అనగా ఒకే రాయి. కడప జిల్లాలోని ఒంటిమిట్టకును ఏకశిలానగరమను పేరు చెప్పుదురు. పోతన తన గ్రంథమున ఏకశిలానగరమని మాత్రమే పేర్కొనుటచే, ఆయన మావాడని ఇరుప్రాంతములవారును వాదించిరి. ఒంటిమిట్టలో ప్రాచీనమగు కోదండరామాలయము కలదు. 2015వ సంవత్సరము నుండి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము శ్రీరామనవమి ఉత్సవములను అచ్చట అధికారికముగా జరుపుచున్నది. ఓరుగల్లు పక్షమున బలమైన ఆధారమేమనగా, కవి ఇంటిపేరుగల బమ్మెర గ్రామము ఆ నగరమునకు దగ్గరలోనే యుండుట. అందుచే పోతన ఓరుగల్లు ప్రాంతమువాడేయని పలువురు పండితులు నిర్ణయించిరి. అయినను ఆయన పద్యములను కంఠస్థము చేయుటలో ఏ ప్రాంతమువారును వెనుకబడలేదు.

ఇందరు తమదని చెప్పుకొన్న ఆ కావ్యమును పోతన మాత్రము తనదని చెప్పుకొనలేదు. పలికించువాడు రాముడనియు, తాను పలుకువాడను మాత్రమే యనియు ఆయన నమ్మెను. రాజునకు ఈయనొల్లని గ్రంథమును ఆయన తన అధీనమునను ఉంచుకొనలేదు. తాటియాకులు శిథిలమైనను, శిష్యులు దానిని నిలిపిరి; లేఖకులు ఎత్తి వ్రాసిరి; తల్లులు బిడ్డలకు నేర్పిరి. ఒక్కరి సొత్తుగా దాచబడి యుండినచో ఆ గ్రంథము ఎప్పుడో నశించి యుండెడిది. అందరి సొత్తయినందుననే అది నేటికిని నిలిచియున్నది.