క్లౌ దొర తెరిచిన పుట

రేపల్లె దగ్గరి మా నగరంలో ఈ మధ్య ఒక పెళ్లి మాటలకు నన్నూ పెద్దమనిషిగా పిలిచారు. అబ్బాయి, అమ్మాయి ఒకరినొకరు ఇష్టపడ్డారు. ఇద్దరివీ క్రైస్తవ కుటుంబాలే. ఒకరిది మాలపల్లె, మరొకరిది మాదిగపల్లె. అభ్యంతరం చెప్పదలచిన పెద్దాయన కులం పేరు ఎత్తలేదు. బైబిలు తెరిచి, కొరింథీయులకు పౌలు రాసిన రెండవ పత్రిక ఆరవ అధ్యాయం చూపించాడు. అవిశ్వాసులతో ఒకే కాడికి కట్టుబడవద్దన్న హెచ్చరిక అక్కడ ఉంది. అవతలి ఇంటివారు అవిశ్వాసులు కారు. ప్రతి ఆదివారం ఆరాధనకు వెళ్లేవారే. ఆ సంగతి అక్కడున్న అందరికీ తెలుసు. నాకూ తెలుసు. అయినా నేను నోరు విప్పలేదు.

ఇంటికి వచ్చాక నాకు జాన్ ఎవరెట్ క్లౌ గుర్తుకు వచ్చాడు. బాపట్ల నుంచి ఒంగోలు దాకా ముసలివాళ్లు ఇప్పటికీ క్లౌ దొర అని చెప్పుకొనే బాప్టిస్టు మిషనరీ ఆయన. 1836లో అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో పుట్టాడు. యువకుడిగా భూములు కొలిచే సర్వేయరు పని చేశాడు. అప్పట్లో ఆయనకు దైవభక్తి లేదు. కళాశాలలో తన గదిలో ఉండే సహాధ్యాయి ప్రార్థన చేసుకోబోతే, నేల మీద సుద్దముక్కతో గీత గీసి, నీ ప్రార్థన ఆ గీతకు అవతలే ఉండాలని చెప్పాడట. ఆ మనిషే తర్వాత మారి, భార్య హ్యారియట్‌తో కలిసి 1865లో మన దేశానికి వచ్చాడు. 1866 సెప్టెంబరులో ఒంగోలులో స్థిరపడ్డాడు. 1867 జనవరి 1న అక్కడ సంఘం ఏర్పడినప్పుడు సభ్యులు ఎనిమిది మంది మాత్రమే.

ఆ కొత్తలో ఆయన ఆశలన్నీ అగ్రవర్ణాల మీదే. పై కులాలు వస్తే కింది కులాలు వాటంతట అవే వస్తాయన్నది ఆనాటి మిషనరీలు చాలామంది నమ్మిన లెక్క. పట్టణంలోని పెద్దలు ఆయన మాటలు ఆసక్తిగా వింటున్నారు, పిల్లలను బడికి పంపుతున్నారు. మరోపక్క పడమటి మెట్ట పల్లెల నుంచి మాదిగలు కదిలి వస్తున్నారు. వారికి ముందు నడిచినవాడు యర్రగుంట్ల పేరయ్య. తోళ్ల వ్యాపారి, అంతకు ముందు యోగమార్గంలో సత్యాన్ని వెతికినవాడు. వ్యాపారం మీద ఏలూరు వైపు వెళ్లినప్పుడు సువార్త విని, దానిని తనవారి మధ్యకు తానే మోసుకొచ్చాడు. దొర వెళ్లి మాదిగలను మార్చాడని చెప్పడం సగం చరిత్రే. మాదిగలే దొర దగ్గరకు నడిచి వచ్చారన్నది మిగతా సగం.

అగ్రవర్ణ పెద్దలు ఒక షరతు పెట్టారు. మాదిగలను చేర్చుకోకపోతే తాము వస్తామన్నారు. క్లౌ చిక్కులో పడ్డాడు. ఆయన, భార్య వేర్వేరు గదుల్లో ప్రార్థనకు కూర్చున్నారు. ఆయన చేతికందిన కొత్త నిబంధన తెరిస్తే కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయం చివరి వచనాలు కనిపించాయి. లోకం దృష్టిలో జ్ఞానులు, బలవంతులు, గొప్ప వంశీయులు ఎక్కువమంది పిలువబడలేదని, తృణీకరింపబడినవారినే దేవుడు ఎన్నుకున్నాడని పౌలు అక్కడ రాశాడు. భార్య గదిలోకి వెళితే ఆమె ముందూ అదే పుట తెరిచి ఉంది. ఆయన మాదిగల పక్షాన నిలబడ్డాడు. పెద్దల పిల్లలు బడి మానేశారు.

మన సంఘాల్లో ఈ కథను అద్భుతంగా చెప్పుకొంటారు. పుట దానంతటదే తెరుచుకోవడంలో నాకు పెద్ద విశేషం కనిపించదు. కళ్లు మూసుకుని వేలు పెడితే ఏ వచనమైనా తగులుతుంది. పిలువబడిన స్థితిలోనే ప్రతివాడూ ఉండాలన్న మాట ఆ పత్రికలోనే, ఏడవ అధ్యాయంలో ఉంది. కులానికి అది చక్కని సాకు. క్లౌ మరికొన్ని కాగితాలు తిప్పి దానిని పట్టుకోగలిగేవాడే. అన్యజాతి భార్యలను పంపివేసిన ఉదంతం ఎజ్రా గ్రంథంలో ఉంటే, మోయాబు స్త్రీ రూతు దావీదుకు ముత్తవ్వ అయిన కథ మరో గ్రంథంలో ఉంది. మనకు కావలసినది ఏరుకోవడానికి బైబిలులో చోటు చాలా ఉంది. క్లౌ ఏరుకోలేదు. తాను ఆశించినదానికి అడ్డొచ్చిన వచనానికి లోబడి, దాని ఖరీదు చెల్లించాడు. నిజాయితీగా చదవడమంటే ఇదేనని నా నమ్మకం.

ఖరీదు ఆయనకన్నా మాదిగలే ఎక్కువ చెల్లించారు. ఆదివారం పని చేయరాదు, చచ్చిన పశువుల మాంసం తినరాదు, విగ్రహాలను పూజించరాదు. ఈ మూడు నియమాలు ఒప్పుకొన్నవారు ఊరి జాతరలో డప్పు కొట్టమన్నారు. కరణాలు, మునసబులు వేధించారు. ఊరి కట్టుబాటు వారి మీద పడింది. 1876 నుంచి వచ్చిన మహాకరువులో క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం గుత్తకు తీసుకుని వేలమందికి కూలి కల్పించాడు. ఆ కాలంలో ఎంతమంది అడిగినా బాప్తిస్మం ఇవ్వలేదు. ఆకలిని విశ్వాసంగా లెక్క రాసుకోవడం ఆయనకు ఇష్టం లేదు. కరువు తగ్గుముఖం పట్టాక, 1878 జూలై 3న వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. 1910లో క్లౌ మరణించాడు.

ఆయనను దేవుణ్ని చేయనక్కరలేదు. కులాన్ని సంఘ ద్వారం దగ్గర ఆపాడు గానీ పల్లెలో ఉన్న గోడను కూల్చలేదు. సంఘం మాదిగ పల్లెల మీదే నిలబడింది. అక్కడ మాలలు చాలాకాలం దూరంగా ఉండిపోయారు. ఇటు తెనాలి, రేపల్లె వైపు లూథరన్ సంఘాల్లో మాలలే ఎక్కువగా చేరారు. ఒకే గ్రంథం చదివే రెండు పల్లెలు రెండు మిషన్లుగా కూడా విడిపోయాయి. మా నగరంలో ఆ రోజు తెరుచుకున్న పుట వెనుక ఈ చరిత్ర అంతా ఉంది. ఒకప్పుడు అగ్రవర్ణ పెద్దలు క్లౌకు పెట్టిన షరతునే ఇప్పుడు మనం ఒకరికొకరం పెట్టుకుంటున్నాం. వారు ఆ షరతును కులం పేరుతోనే పెట్టారు. మనం దానికి వచనం తొడుగుతున్నాం.

పెళ్లి మాటలు ఇంకా తెగలేదు. మళ్లీ కూర్చున్నప్పుడు నేనూ నా బైబిలు తీసుకువెళతాను. ఆ పెద్దాయన చూపిన అధ్యాయాన్నే మొదటి నుంచి చివరి దాకా అందరికీ వినిపించేలా చదివి, అవతలి ఇంట్లో అవిశ్వాసి ఎవరో చెప్పమని అడుగుతాను. మొదటిసారే అడగవలసిన ప్రశ్న అది.