పాటయే పాఠశాలకు నిధి: గానయోగి పంచాక్షరి గవాయిగారు

మన గిద్దలూరు స్టేషనులో హుబ్బళ్ళి పోవు రైలెక్కినవారు నంద్యాల, గుంతకల్లు, బళ్ళారి దాటి గదగు చేరుదురు. ఆ ఊరిలో వీరేశ్వర పుణ్యాశ్రమమను సంగీత పాఠశాల కలదు. చూపులేని పిల్లలకును, దిక్కులేని పిల్లలకును అన్నము పెట్టి గానము నేర్పు స్థలమది. దానిని నెలకొల్పినవారు గానయోగి పంచాక్షరి గవాయిగారు. మన వైపున బడికి నిధి కావలసినప్పుడెల్ల చందా పుస్తకము తప్ప వేరు మార్గము తోచదు. అందుచేత వారి చరిత్రను సోదర భక్తుల ముందుంచుట యుక్తమని తలచితిమి.

వారు 1892లో హానగల్లు తాలూకా కాడశెట్టిహళ్ళిలో పేద జంగమ కుటుంబమున జన్మించిరి. చిన్ననాటి పేరు గదిగెయ్య. పుట్టుకతోనే అంధులు. అన్నగారికిని చూపు లేదు. ఆ రోజులలో అట్టి పిల్లలకు మిగిలిన దారి యాచన యొక్కటే. ఆ సోదరుల కంఠములోని మాధుర్యమును గుర్తించి చేరదీసినవారు హానగల్లు కుమారస్వాములు. 1904లో వీరశైవ మహాసభకును, 1909లో బాదామి సమీపమున శివయోగ మందిరమునకును మూలపురుషులు వారే. జోలె భుజమున వేసికొని ఊరూరు తిరిగి సంస్థలను నిలిపిన మహనీయులు. వారి దయచేత బాలుడు మైసూరులో కర్ణాటక సంగీతమును, పిదప నీలకంఠబువా మిరజ్‌కరుగారి వద్ద హిందూస్థానీ సంగీతమును అభ్యసించెను. రెండు పద్ధతులలోను అంత ప్రజ్ఞ గలవారు అరుదు. ఆస్థానమును గాని, నగరమును గాని ఆశ్రయించినచో సుఖముగా బ్రతికియుండెడివారు.

వారు ఆ దారి పట్టలేదు. తమవలె చూపులేని పిల్లలకు విద్య చెప్పుటయే దీక్షగా గైకొనిరి. చేత కాసు లేదు, బడికి గోడలు లేవు. కావున బడియే నడువసాగినది. శిష్యులను వెంటబెట్టుకొని ఊరి నుండి ఊరికి పోయి, మఠములలోను జాతరలలోను పాడుచు, పాడించుచు, భక్తులు సమర్పించిన దానితో అందరి ఆకలి తీర్చెడివారు. ఉదయము నేర్చిన పాఠము సాయంకాలము కచేరి. ఆ కచేరియే మరునాటి అన్నము. చదువు వేరు, నిధి సేకరణ వేరు అను భేదము అందు లేదు. కాని ఈ పద్ధతి ఎంత కఠినమో పల్లెల వారికి చెప్పనక్కరలేదు. వాన కురియని ఏడు పాట విన్నవాడు ఆనందించును గాని, పెట్టుటకు వాని గాదెలో గింజ యుండవలె గదా!

ఇందుకొక ఉపాయముగా ఆశ్రమము నాటక సంఘమును గూడ నడిపినది. కన్నడనాట కంపెనీ నాటకములకు జనము విరగబడుచుండిన కాలమది. టిక్కెట్ల మీద వచ్చిన పైకము పిల్లల భోజనమునకు చేరెడిది. విరక్తులకు రంగస్థలముతో పనియేమని కొందరు సందేహింపవచ్చును. బసవేశ్వరుల కాలమున చెప్పులు కుట్టినవాడును, పడవ నడిపినవాడును తన కాయకముతోనే దాసోహము జరిపెను. సంగీతము నేర్చినవాని కాయకము సంగీతమే. నాటకమునకు హార్మోనియము, తబలా, ఫిడేలు కావలెను. ఆ విద్యలు పిల్లల చేతిలోనే యుండెను. దాతకు కృతజ్ఞత తెలుపుటకు బదులు, తన విద్యకు ప్రతిఫలము పొందిన గౌరవము వారికి దక్కినది. మా దృష్టిలో వచ్చిన పైకము కంటె ఇదియే గొప్ప లాభము.

గదగులో బసరిగిడద వీరప్పగారు ఆదుకొనుటతో సంచార పాఠశాలకు నిలువనీడ ఏర్పడినది. ఆశ్రమము పేరులో వారి పేరు నిలిచియున్నది. గవాయిగారు 1944లో లింగైక్యులైరి. బసవరాజ రాజగురు, రాయచూరు సీమకు చెందిన సిద్ధరామ జంబలదిన్ని మొదలగు విద్వాంసులు వారి శిష్యులే.

ఆశ్రమ భారము శైశవముననే చూపు కోల్పోయిన శిష్యుడు పుట్టరాజ గవాయిగారిపై పడినది. వారు స్వయముగా నాటకములు వ్రాసి సంఘము చేత ఆడించిరి. భక్తులు మరియొక మార్గము కనుగొనిరి. స్వాములను తక్కెడలో కూర్చుండబెట్టి, ఎదుటి తట్టలో నాణెములు పోసి తులాభారము జరుపుట. వందలాది పల్లెలలో ఈ తులాభారములు జరిగినవి. ఒక్కడు వేయి రూపాయలు ఇయ్యలేని ఊరిలో వేయిమంది తలకొక నాణెము వేయగలిగిరి. ఆ నాణెములన్నియు మూటలుగా గదగు చేరి, పిల్లల వంటశాలకు పోయెడివి. 2010లో పుట్టరాజ గవాయిగారు లింగైక్యులగు నాటికి ఆ వంటశాలలో పొయ్యి ఆరలేదు.