వంటింట్లో తయారైన బెలూన్

గుండెపోటు వచ్చిన మనిషిని ఆస్పత్రికి తీసుకెళ్తే బెలూన్ వేయాలి, స్టెంట్ పెట్టాలి అంటారు. మోమిన్‌పేట్‌లోనైనా, తాండూరులోనైనా ఇవాళ ఇది అందరూ విన్న మాటే. ఆ బెలూన్ ఓ వంటింటి బల్ల మీద తయారైందంటే నమ్ముతారా?

దాని సృష్టికర్త ఆండ్రియాస్ గ్రుంట్‌జిగ్ 1939లో జర్మనీలోని డ్రెస్డెన్‌లో పుట్టారు. తండ్రి యుద్ధంలో కనిపించకుండా పోతే, టీచరుగా పనిచేసే తల్లే పిల్లల్ని పెంచింది. ఆయన తూర్పు జర్మనీ నుంచి తప్పించుకొచ్చి డాక్టరీ చదివి, 1969లో స్విట్జర్లాండ్‌లోని జూరిక్ ఆస్పత్రిలో చేరారు.

పూడుకుపోయిన రక్తనాళాన్ని బెలూన్‌తో తెరవాలన్నది ఆయన పట్టుదల. రబ్బరు బెలూన్ పనికి రాలేదు. అడ్డు ఉన్నచోట నొక్కకుండా, మెత్తగా ఉన్న వైపుకి ఉబ్బిపోయేది. దాంతో పీవీసీ ప్లాస్టిక్‌కి మారారు. డ్యూటీ అయ్యాక భార్య మిషేలా, సహాయకురాలు మరియా ష్లుంఫ్, మరియా భర్త, ఆయన కలిసి వంటింట్లో కూర్చుని గొట్టాలు కోసి, జిగురు రాసి, దారాలు చుట్టేవారు. పేరు ఆయనకే దక్కింది గానీ, ఆ ఇద్దరాడవాళ్ల పనితనం తక్కువదా!

1976లో అమెరికా సభలో కుక్కల మీద ప్రయోగాలు చూపిస్తే చాలామంది పెదవి విరిచారు. 1977 సెప్టెంబర్ 16న జూరిక్‌లో, మెలకువగా ఉన్న రోగి గుండె నాళాన్ని, ఛాతీ కోయకుండానే తెరిచారు. రోగికి 38 ఏళ్లు, డాక్టరుకీ అంతే!

మొదట్లో నిలకడగా ఉన్నవాళ్లకే ఈ వైద్యం. గుండెపోటు నడుస్తుండగా చేయాలంటే భయపడేవారు. 1980ల్లో అమెరికాలో జెఫ్రీ హార్ట్‌జ్లర్ ఆ సాహసం చేశారు. ఇప్పుడు బీపీ పడిపోయి షాక్‌లోకి వెళ్లినవాళ్లకీ, ముసలివాళ్లకీ, షుగరున్నవాళ్లకీ ముందు చూసే దారి ఇదే. కానీ నాళం మూసుకుపోయిన ప్రతి నిమిషం గుండె కండరం చచ్చిపోతుంటుంది. ఆడవాళ్లకైతే ఛాతీనొప్పితో పాటు దవడ నొప్పి, వీపు నొప్పి, ఆయాసం, వికారం కూడా కనిపించొచ్చు. మనమేమో గ్యాసని వాము నమిలి కూర్చుంటాం. మోమిన్‌పేట్ నుంచి హైదరాబాద్ చేరడానికే గంట దాటుతుంది మరి!

గ్రుంట్‌జిగ్ 1980లో అమెరికాలోని అట్లాంటాకు వెళ్లిపోయారు. 1985 అక్టోబర్ 27న తుఫానులో సొంత విమానం నడుపుతూ, రెండో భార్యతో సహా కూలిపోయి చనిపోయారు. వయసు 46. మరుసటి ఏడాదే గుండె నాళంలో మొదటి స్టెంట్ పెట్టారు. 1990ల్లో మన హైదరాబాద్‌లోనే అబ్దుల్ కలాం, డాక్టర్ సోమరాజు తక్కువ ధర స్టెంట్ తెచ్చారు.

ఇంతకీ ఆ మొదటి రోగి ఏమయ్యాడంటారా? పదేళ్ల తర్వాత, 1987లో పరీక్ష చేస్తే, గ్రుంట్‌జిగ్ తెరిచిన నాళం తెరిచినట్టే ఉంది.